డాలస్ ఎంత దూరం?



హైదరాబాదు నుంచి అమెరికాలోని డాలస్ ఎంత దూరం? మాదాపూర్‌లోనో, కొండాపూర్‌లోనో, నల్లగండ్లలోనో ఎవరినైనా ఈ ప్రశ్న అడిగి చూడండి. కిలోమీటర్లలో జవాబు రాదు. "ఒక రోజు పడుతుందండీ" అంటారు. ఇంకాస్త అనుభవం ఉన్నవాళ్లు "దుబాయ్ మీదుగా అయితే ఒక లెక్క, లండన్ మీదుగా అయితే ఒక లెక్క" అంటారు. అంతేగానీ ఇన్ని వేల కిలోమీటర్లు అని చెప్పేవాళ్లు అరుదు. మనవళ్లు అక్కడ పుట్టారు, పురుళ్లకు వెళ్లొచ్చారు, ఎండాకాలాలు అక్కడ గడిపారు. దూరం మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

ఈ రోజు మనం లెక్కపెడదాం. కాగితం అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. వంట చేస్తూ వింటున్నా ఫరవాలేదు.

ముందు ఒక చిన్న సంగతి. మన ఊళ్లో పిల్లల గది గోడ మీద ప్రపంచ పటం ఉంటుంది కదా. దాని మీద హైదరాబాదు దగ్గర ఒక వేలు, డాలస్ దగ్గర ఒక వేలు పెట్టి, మధ్యలో గీత గీయమంటే ఏం గీస్తాం? అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మహాసముద్రం దాటించి బారుగా ఒక గీత గీస్తాం. అదే దగ్గరి దారి అనుకుంటాం. అది దగ్గరి దారి కాదు. మళ్లీ చెబుతున్నాను. పటం మీద బారుగా ఉన్న గీత దగ్గరి దారి కాదు. ఆ గీత పట్టుకుని పోతే దాదాపు 3,300 కిలోమీటర్లు అదనంగా తిరుగుతాం.

ఎందుకంటే భూమి గుండ్రం, పటం చదును. గుండ్రటిదాన్ని చదును చేయాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయాలి. ఆ పటంలో ఉత్తరాన ఉన్న గ్రీన్‌లాండ్ మన దేశం కన్నా ఎంతో పెద్దగా కనిపిస్తుంది. నిజానికి మన దేశమే పెద్దది, గ్రీన్‌లాండ్‌కు ఒకటిన్నర రెట్లు. అలాంటి పటం మీద దూరం కొలిస్తే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఇంట్లో గ్లోబు ఉంటే తీయండి. పిల్లల స్కూలు గ్లోబు చాలు. ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాదు మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమటికి పోదు. తూర్పుకీ పోదు. నేరుగా పైకి, ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ పక్కగా పోతుంది. లదాఖ్ మీదుగా పోతుంది. కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా పోయి, అవతలి వైపు కెనడా మీద దిగి, తిన్నగా టెక్సాస్‌లో వాలుతుంది. డాలస్ మనకు పడమట ఉందనుకుంటాం. దారాన్ని అడిగితే ఉత్తరాన ఉందంటుంది.

గణితంలో ఈ దారాన్ని మహావృత్తం అంటారు. భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి ఎప్పుడూ మహావృత్తం మీదే ఉంటుంది. కంప్యూటర్లో మీరు దూరం అడిగినప్పుడు అది చెప్పేది ఈ దారం పొడవే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక్క అంకె గుర్తుంచుకోండి, 111. భూగోళం మీద ఉత్తరానికి గానీ దక్షిణానికి గానీ ఒక డిగ్రీ జరిగితే మనం 111 కిలోమీటర్లు జరిగినట్టు. ఒక డిగ్రీ, 111 కిలోమీటర్లు.

ఈ 111 ఊరికే వచ్చింది కాదు. దీనికీ మన నేలకూ చుట్టరికం ఉంది. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద గొలుసులు పరిచి నేల కొలవడం మొదలుపెట్టాడు. పన్నుల కోసం పొలాలు కొలవడం కాదు ఆయన పని. భూమి అసలు ఏ ఆకారంలో ఉంది, ఒక డిగ్రీ పొడవెంత అన్నది తేల్చాలని. ఆ కొలత 78వ రేఖాంశం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి సాగింది. హైదరాబాదు ఉన్నది ఆ దరిదాపుల్లోనే, దాదాపు డెబ్బై ఎనిమిదిన్నర డిగ్రీల దగ్గర. లాంబ్టన్ హైదరాబాదులో ఉండి పనిచేశాడు. 1818లో జార్జ్ ఎవరెస్ట్ అనే కుర్రాడు ఆయన దగ్గర సహాయకుడిగా చేరిందీ ఇక్కడే. ఆ ఎవరెస్టే, తర్వాత శిఖరానికి పేరైన ఎవరెస్టు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరం పడి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా పోవలసి వచ్చింది ఆయనకు. సర్వేలో పనిచేసిన వేలమంది కూలీలు, ఖలాసీలు మాత్రం జ్వరం వస్తే ఎక్కడికీ పోలేదు. వాళ్ల పేర్లు ఏ శిఖరానికీ లేవు.

సరే, లెక్క. 111 గుర్తుంది కదా?

భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి 90 డిగ్రీలు. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీల దగ్గర ఉంది. అంటే మన దగ్గర్నుంచి ధ్రువానికి ఇంకా ఎన్ని? 90లోంచి 17 తీస్తే 73. డాలస్ 33 డిగ్రీల దగ్గర ఉంది. 90లోంచి 33 తీస్తే 57. ఇక్కడి నుంచి ధ్రువానికి 73, ధ్రువం నుంచి అక్కడికి 57. కలిపితే 130 డిగ్రీలు. 130ని 111తో గుణించండి. 14,430.

అయిపోయింది. హైదరాబాదు నుంచి డాలస్ 14,430 కిలోమీటర్లు. సైనులు, కొసైనులు వేసి గోళం మీద పూర్తి సూత్రంతో చేస్తే 14,420 దాకా వస్తుంది. పది కిలోమీటర్ల తేడా. శంషాబాదు ఎయిర్‌పోర్టు నుంచి ఆరాంఘర్ కూడా రాదు.

ఒక హెచ్చరిక. ఈ కిటుకు అన్ని ఊళ్లకూ పనిచేయదు. డాలస్ భూగోళానికి మనకు దాదాపు సరిగ్గా అవతలి వైపున ఉంది కాబట్టి దారి ధ్రువం పక్కగా పోతోంది, కాబట్టే పనిచేసింది. షికాగోకు చేస్తే కొంచెం ఎక్కువ వస్తుంది. లండన్‌కో సింగపూర్‌కో చేశారంటే నవ్విపోతారు. వాటికి ఫోనును అడగాల్సిందే, లేదా దారమే గతి.

ఫోనును అడిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. హైదరాబాదులు రెండు ఉన్నాయి. పాకిస్తాన్‌లో సింధు ప్రాంతంలో ఒక హైదరాబాదు ఉంది. ఆ ఊరికీ మన ఊరికీ మధ్యే 1,300 కిలోమీటర్ల పైన దూరం. అలాగే కాలిఫోర్నియాలో ఒక శాన్‌హోసే ఉంది, కోస్టారికా దేశంలో ఇంకో శాన్‌హోసే ఉంది. అందుకే ఊరి పేరు కొట్టకుండా ఎయిర్‌పోర్టుకు ఉండే మూడక్షరాల కోడ్ కొట్టాలి. మనది హెచ్ వై డి. 2008 మార్చిలో శంషాబాదు ఎయిర్‌పోర్టు మొదలయ్యేదాకా ఈ మూడక్షరాలు బేగంపేటవి. ఊరి చివరకు ఎయిర్‌పోర్టు పోతూ పోతూ పేరు కూడా తీసుకుపోయింది.

దూరం తేలింది. ఇక సమయం.

పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. 14,400ను 900తో భాగిస్తే 16. పదహారు గంటలు. ఎక్కడానికి, దిగడానికి వేగం తక్కువ కాబట్టి ఇంకో అరగంట, ముప్పావుగంట కలుపుకోండి. దూరాన్ని 900తో భాగించి ముప్పావుగంట కలపడం, ఇది మంచి ఇంటి లెక్క. దూరం బై తొమ్మిది వందలు, ప్లస్ ముప్పావుగంట.

మరి డాలస్‌కు పదిహేడు గంటల్లో ఎందుకు చేరడం లేదు? ఒక రోజు ఎందుకు పడుతోంది?

ఎందుకంటే ఆ దారం వెంబడి ఏ విమానమూ పోదు. దారానికి కొండలు తెలియవు, సరిహద్దులు తెలియవు, గాలి తెలియదు. పైలట్‌కు ఈ మూడూ తెలియాలి.

కొండల సంగతి చూడండి. మన దారం లదాఖ్ మీదుగా పోయింది కదా. విమానం 10 కిలోమీటర్ల ఎత్తున పోతుంది, కొండలు తగలవు. చిక్కు ఎక్కడంటే, పొరపాటున విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే, పైనుంచి ఆక్సిజన్ మాస్కులు జారతాయి. ఆ ఆక్సిజన్ వచ్చేది చాలా విమానాల్లో పావుగంట దరిదాపుల్లోనే. ఆలోగా విమానం మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగిపోవాలి, అక్కడైతే మామూలుగా ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ లదాఖ్‌ను ఆనుకుని ఉన్న టిబెట్ పీఠభూమి మీద నేలే నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది. దిగడానికి చోటేది? అందుకే విమానాలు ఆ ప్రాంతాన్ని వీలైనంత తప్పించుకుని పోతాయి.

ఇక సరిహద్దులు. నేల మీద గీసిన గీత ఆకాశం దాకా ఉంటుంది. 2019లో ఫిబ్రవరి చివర నుంచి జూలై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలాన్ని చాలావరకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో మన దేశపు విమానాలకు మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని చుట్టూ తిరిగి, మధ్యలో వియన్నాలో దిగి ఇంధనం పోసుకోవలసి వచ్చింది. ఢిల్లీ కదల్లేదు, షికాగో కదల్లేదు. రెండింటి మధ్య దూరం మారలేదు. ప్రయాణం మాత్రం గంటలకు గంటలు పెరిగింది. 2022 నుంచి అమెరికా కంపెనీల విమానాలకు రష్యా మీదుగా దారి లేదు. ఎయిర్ ఇండియాకు ఉంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన మగదాన్ అనే ఊళ్లో దిగింది. అందులో ఉన్నవాళ్లకు, ఇక్కడ ఇళ్లల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఆ రోజు భూగోళం బాగా అర్థమయింది. శాన్‌ఫ్రాన్సిస్కో పోవడానికి సైబీరియా ఎందుకు అని అడిగినవాళ్లకు ఇప్పుడు మనం గ్లోబు మీద దారం పెట్టి చూపించొచ్చు.

మూడోది గాలి. ఇది అన్నిటికన్నా చిత్రమైనది.

విమానాలు తిరిగే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహాలు పారుతుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. శీతాకాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటిపోతాయి. గోదావరిలో వరద రోజున పడవ వేసుకుని పాపికొండల వైపు ఎదురెక్కడం ఒకటి, రాజమండ్రి వైపు జారిపోవడం ఒకటి. విమానానికీ అంతే. అందుకే హైదరాబాదు నుంచి లండన్ పోయేటప్పుడు కన్నా, లండన్ నుంచి హైదరాబాదు వచ్చేటప్పుడు టికెట్ మీద సమయం తక్కువ ఉంటుంది. దుబాయ్ టికెట్‌లోనూ ఈ తేడా చూడొచ్చు. పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ.

పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు రాబట్టుకుంటాం, లెక్క సరి అంటారా? సరి కాదు. 7,200 కిలోమీటర్ల ఊరికి పోతున్నామనుకోండి. గాలి లేకపోతే 900 చొప్పున ఎనిమిది గంటలు. రానూపోనూ పదహారు. ఇప్పుడు 100 కిలోమీటర్ల గాలి వీస్తోంది. ఎదురుగాలిలో వేగం 800, తొమ్మిది గంటలు పడుతుంది. తోసే గాలిలో వేగం 1,000, ఏడు గంటల పన్నెండు నిమిషాలు పడుతుంది. కలిపితే పదహారు గంటల పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాలు గాలి మింగేసింది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, సాయపడే గాలిలో తక్కువసేపు ఉంటాం. అందుకే ఎప్పుడూ నష్టమే.

గాలి ఎంత మొండిదంటే, దానికోసం పైలట్లు దగ్గరి దారినే వదిలేస్తారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా తొలి నేరు విమానం వచ్చింది. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించారు. మిగతావారిలో కెప్టెన్ పాపగారి తన్మయి ఒకరు. రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి 14,000 కిలోమీటర్లకు ఏడు తక్కువ. ఆ దారి ధ్రువం దాకా పోదు, సైబీరియా ఉత్తర అంచుల మీదుగా ఉంటుంది. ధ్రువం మీదుగా పోతే దాదాపు 400 కిలోమీటర్లు ఎక్కువ. వాళ్లు ధ్రువం మీదుగానే వచ్చారు. ఎదురుగాలిని తప్పించుకుంటే కిలోమీటర్లు ఎక్కువైనా ఇంధనం కలిసొస్తుంది. మళ్లీ చెబుతాను, ఎక్కువ దూరం, తక్కువ ఖర్చు. ఆకాశంలో ఇది మామూలే.

ఆ నెలలోనే హైదరాబాదు నుంచి షికాగోకు కూడా నేరు విమానం మొదలైంది. 13,300 కిలోమీటర్లు. మన వాళ్ల సంబరం ఇంతా అంతా కాదు. అది ఎక్కువ కాలం నిలవలేదు. అంత దూరం పోయే విమానం నింపుకుంటే లక్షా ఎనభై వేల లీటర్ల ఇంధనం పడుతుంది. ఆ ఇంధనం బరువును మోయడానికే సగం ఇంధనం ఖర్చవుతుందా అనిపిస్తుంది. పొడవైన నేరు ప్రయాణం లాభసాటి వ్యాపారం కావడం అంత తేలిక కాదు.

అందుకే మధ్యలో దిగి మారతాం. దుబాయ్, దోహా, అబుధాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఢిల్లీ. ఇక్కడ మీకొక ఆశ్చర్యం. దుబాయ్ మీదుగా డాలస్ పోతే ఎంత చుట్టు తిరుగుతామనుకుంటున్నారు? హైదరాబాదు నుంచి దుబాయ్ 2,550, అక్కడి నుంచి డాలస్ సుమారు 12,900. కలిపితే 15,450. నేరు దారి కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. వెయ్యి కిలోమీటర్లంటే విమానానికి గంట పైన. మిగతా ఆలస్యం అంతా నేల మీదే జరుగుతుంది, మధ్య ఎయిర్‌పోర్టులో కుర్చీల్లో కూర్చుని.

నేల మీద అంటే గుర్తొచ్చింది. సైబర్ టవర్స్ నుంచి శంషాబాదు అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా 35 కిలోమీటర్ల పైచిలుకు. విమానం దాన్ని రెండున్నర నిమిషాల్లో దాటేస్తుంది. సాయంత్రం ఆరున్నరకు, చినుకులు పడుతుంటే, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర మనకెంతసేపు పడుతుందో నేను చెప్పను. మొత్తం ప్రయాణంలో ముందుగా ఎవరూ లెక్కగట్టలేని ముక్క ఏదైనా ఉందంటే అదే. ధ్రువం దగ్గరి గాలిని అంచనా వేసే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కూడా ఆ ట్రాఫిక్‌లోనే ఉంటారు.

చివరిగా గడియారం. టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. హైటెక్ సిటీలో రాత్రి పూట మీటింగులు చేసే పిల్లలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్ల అమ్మానాన్నల కోసం చెబుతున్నాను.

డాలస్ గడియారం మన కన్నా ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మనం ఏమీ తిప్పం.

మీ అమ్మాయి ఎండాకాలంలో ఒక సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాదులో విమానం ఎక్కింది. దారిలో ఆగడంతో కలిపి మొత్తం 24 గంటల ప్రయాణం అనుకుందాం. ముందు మన గడియారంతోనే లెక్కించండి. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి చేరుతుంది. ఇప్పుడు పదిన్నర గంటలు తీసేయండి. డాలస్‌లో సోమవారం సాయంత్రం ఐదున్నర. ఎక్కిన రోజునే దిగింది. తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క తలకిందులు. అక్కడ సోమవారం సాయంత్రం ఐదున్నరకు ఎక్కితే, 24 గంటలకు డాలస్‌లో మంగళవారం ఐదున్నర, దానికి పదిన్నర కలిపితే మనకు బుధవారం తెల్లవారుజామున నాలుగు. ఎయిర్‌పోర్టుకు కారు మంగళవారం రాత్రే తీయాలి. ఒక్క గడియారంలో లెక్కించి, చివర్లో మాత్రమే రెండో గడియారంలోకి మార్చండి. మధ్యలో మార్చకండి.

ఇంకొక్క మాట. ఫోనులో బొమ్మ విమానం కదులుతుంటే చూస్తూ రాత్రంతా మేలుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. సముద్రం మధ్యలోకి పోగానే ఆ బొమ్మ ఒక్కోసారి ఆగిపోతుంది. కంగారు పడకండి. విమానం పంపే సంకేతాలను పట్టుకునే యంత్రాలు ఎక్కువగా నేల మీద ఉంటాయి. సముద్రం నడుమ, ధ్రువం దగ్గర అవి ఉండవు. అక్కడ బొమ్మ ఆగుతుంది, లేదా అంచనాగా గీసిన గీత మీద నడుస్తుంది. మళ్లీ తీరం దగ్గరికి రాగానే అసలు చోట కనబడుతుంది. అప్పుడు "దిగింది" అని చూపిస్తుంది. చూపించగానే ఫోను చేయకండి. ఇమిగ్రేషన్ వరుస ఉంటుంది, సూట్‌కేసులు రావాలి, అందులో మీరు పెట్టిన ఆవకాయ గురించి కస్టమ్స్ వాళ్లు ఏమైనా అడగొచ్చు. గంటన్నర ఆగి చేయండి.